చీమ వాళ్ళమ్మ మౌనవ్రతం

ఆ రోజుల్లో అని మొదలుపెడితే మీరు ఏ రేడియోల కాలమో అనుకుంటారు. అంత పాత సంగతేం కాదు. అప్పటికే అందరి చేతుల్లోనూ సెల్‌ఫోన్లున్నాయి, కలకత్తా న్యూ టౌన్‌లో మెట్రో స్తంభాలు సగం లేచి నిలబడి ఉన్నాయి, నాకు జుట్టు ఇప్పటికన్నా ఎక్కువా, బుద్ధి ఇప్పటికన్నా తక్కువా ఉండేవి. అప్పట్లో నాకో గట్టి నమ్మకం ఉండేది. పిల్లల్ని కన్నవాళ్ళకి పిల్లల సంగతి ఏమీ తెలియదనీ, తెలిసినవాళ్ళందరూ హాస్టళ్ళలో వార్డెన్లుగా చేరతారనీ. గార్డెన్ రీచ్‌లో పుట్టి, డాక్‌లో క్రేన్ నడిపే నాన్న దగ్గర శ్రీకాకుళం తెలుగూ, వీధిలో బెంగాలీ హిందీలూ నేర్చుకుని, ఎలాగోలా బి.ఏ. అనిపించుకున్న నన్ను, న్యూ టౌన్ అవతల ఒక ట్రస్టు నడిపే ఆడపిల్లల బడివాళ్ళు హాస్టల్ అసిస్టెంట్ వార్డెన్‌గా తీసుకున్నారు. (మూడు భాషల్లో తిట్టగలదని తీసుకున్నారని మా అమ్మ అందరికీ చెప్పేది.)

హాస్టల్ బతుకంతా గంట మీద నడిచేది. గంట కొడితే లేవడం, గంట కొడితే బకెట్లు పట్టుకుని నీళ్ళగది ముందు నిలబడడం, గంట కొడితే మరమరాలు తినడం, గంట కొడితే చదువుతున్నట్టు కూర్చోవడం. సాయంత్రాలు జడల వరస ఉండేది. పిల్లలు ఒకరి వెనక ఒకరు కూర్చుని ముందున్న పిల్లకి జడ వెయ్యాలి, అందరికన్నా వెనకున్న పిల్లకి నేను వెయ్యాలి. ఒక్క తలలో పేలు పడితే వారం తిరిగేసరికి వరస మొత్తానికీ పాకి, ఆఖరికి నా తలలో తేలేవి. పిల్లల మనసులు కనిపెట్టి చూసుకోవడం కూడా నా ఉద్యోగంలో భాగమే. దానికోసం ఒక రోజంతా శిక్షణ ఇచ్చి, చివర్లో ఒక అట్ట చేతిలో పెట్టారు. దాని మీద నవ్వు ముఖం, ఏడుపు ముఖం, కోపం ముఖం, భయం ముఖం బొమ్మలుండేవి. పొద్దున్న లేవగానే ప్రతి పిల్లా తన పేరున్న బట్టల క్లిప్పు ఏ ముఖానికి తగిలిస్తే ఆ రోజు ఆ పిల్ల మనసు అదన్నమాట. ఏడుపు ముఖానికి తగిలించినవాళ్ళని నేను పక్కకి పిలిచి ఆటల గంట అయిపోయేదాకా ఓదారుస్తానని పిల్లలు వెంటనే కనిపెట్టేశారు. అంతే, మర్నాటి నుంచీ అందరి క్లిప్పులూ నవ్వు ముఖానికే. కలకత్తాలో ఇంత సంతోషంగా ఉన్న హాస్టల్ ఇంకోటి లేదని నేను మా ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను.

హాస్టల్‌కి అసలు వార్డెన్ ఒక బెంగాలీ పెద్దావిడ. అందరం బొడోది అనేవాళ్ళం, పెద్దక్క అని అర్థం. గంజి పెట్టిన నేత చీర, ముక్కు చివరికి జారిన కళ్ళజోడు, మనిషి కనబడకముందే వినబడే గొంతు. ఆవిడకి ఈ లోకంలో శత్రువు ఒక్కడే. గేటు బయట ఫుచ్కా బండి పెట్టుకునేవాడు. (ఫుచ్కా అంటే మన పానీపూరీ లాంటిదే. కానీ ఆ మాట కలకత్తాలో పైకి అనకండి, స్నేహాలు చెడిపోతాయి.) వాడి చింతపండు నీళ్ళలో పచ్చకామెర్లు ఈదుతుంటాయని ఆవిడ నమ్మకం. సాయంత్రమయ్యేసరికి గొడుగు పట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళడం, వాడు బండి తోసుకుంటూ మలుపు దాటడం, ఆవిడ లోపలికి రాగానే వాడు మళ్ళీ రావడం, ఇదంతా మా హాస్టల్ దినచర్యలో ఒక గంట కొట్టని గంట.

ఆ పిల్లల్లో ఒకత్తి ఆరో తరగతి చదివే తెలుగుపిల్ల. ఎప్పుడూ ఏదో ఒకటి మోసుకుంటూ తిరుగుతుంటుందని తోటిపిల్లలు బెంగాలీలో చీమ అనేవారు, నేను తెలుగులో చీమ అనేదాన్ని. వాళ్ళదీ మా గార్డెన్ రీచ్ వైపే. నాన్న డాక్‌లో షిఫ్టుల మీద పనిచేసేవాడు. అమ్మకి జబ్బు చేసి, చిన్న తమ్ముణ్ణి తీసుకుని సోంపేట దగ్గర పుట్టింటికి వెళ్ళడంతో, చూసుకునేవాళ్ళు లేక పిల్లని మా దగ్గర చేర్చారు. ఆదివారం ఆదివారం వాళ్ళమ్మ ఫోన్ చేసేది. స్పీకర్ అక్కర్లేదు, వరండా మొత్తానికి వినబడేది. ఆసుపత్రిలో నర్సు సూది ఎలా పొడిచిందో, పక్క మంచం ఆవిడ కోడలితో ఎందుకు పోట్లాడిందో, ఊళ్ళో ఫుచ్కా దొరక్క తన నోరు ఎలా చచ్చిపోయిందో, ఊపిరి తీసుకోకుండా చెప్పేది. చీమ 'ఊఁ, ఊఁ' అంటూ వినేది. ఫోన్ పెట్టేశాక ఆ వారానికి సరిపడా నవ్వు దాని ముఖం మీద ఉండేది.

ఆ ఏడు సరస్వతీ పూజ అయిన వెంటనే వార్షిక పరీక్షలు పెట్టారు. పూజకి ఇంకా వారం పైన ఉందనగా, పిల్లలు క్లాసుల్లో ఉండగా హాస్టల్ ఫోన్ మోగింది. చీమ వాళ్ళ బాబాయి, సోంపేట నుంచి.

"మిస్ గారా? మా వదిన పోయిందమ్మా, పొద్దున్నే. అన్నయ్య నిన్ననే వొచ్చేసినాడు, దహనం కూడా ఇవాళే కానిచ్చేస్తన్నాం. పిల్లకి సెప్పకండమ్మా. సదువు సదువు అని కలవరించింది ఆవిడ. పరీచ్చలు అయిపోనీండి, నానే వొచ్చి సెప్తాను."

మనలో ఇది మామూలే కదా. పరీక్షలుంటే చావుని కూడా వెయిటింగ్ లిస్టులో పెట్టేస్తాం. నేను వెళ్ళి బొడోదికి చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో చాలాసేపు తుడిచింది. ఇద్దరం తలుపు వేసుకుని ఏడ్చాం. తర్వాత, పిల్లకి చూచాయగా కూడా తెలియకూడదని, ఎప్పటిలాగే ఉండాలని గట్టిగా అనుకుని తలుపు తీశాం.

ఎప్పటిలా ఉండడం ఎంత కష్టమో ఆ సాయంత్రమే తెలిసింది. బొడోది గొంతు సగానికి సగం దిగిపోయింది. చీమ చేతిలోంచి గ్లాసు జారి పగిలితే 'పోనీలే తల్లీ, గ్లాసులదేముంది' అంది. (అంతకుముందు వారమే గ్లాసు పగలగొట్టిన ఇంకో పిల్ల, అన్యాయం అన్నట్టు నోరు తెరిచి చూస్తోంది.) వంట చేసే మాషీకి మేమేం చెప్పలేదు, కానీ ఆవిడ తలుపు బయటినుంచి విన్నట్టుంది, చీమ కంచంలో పెద్ద చేపముక్క వేసి, కన్నీళ్ళు తుడుచుకుని, ఇంకో ముక్క వేసింది. ఇక నేను జడల వరసలో ఎక్కడో మధ్యలో ఉన్న పిల్లని పిలిచి నా ముందు కూర్చోబెట్టుకుని, రెండు జడలకి బదులు నాలుగు వేశాను.

అసలు పరీక్ష ఆదివారం వచ్చింది. ఫోన్ల వేళకి చీమ వచ్చి నా బల్ల పక్కన నిలబడింది. బొడోది నా వంక చూసి, ఏదో పనున్నట్టు లోపలికి పారిపోయింది. అప్పుడు నా బి.ఏ. బుర్రకి ఒక మెరుపు మెరిసింది.

"మీ అమ్మ సింహాచలం అప్పన్నకి మొక్కుకుందటమ్మా. నీ పరీక్షలు బాగా అవ్వాలని మౌనవ్రతం పట్టింది. అవి అయ్యేదాకా మాట్లాడదు."

చీమ బల్ల మీది ఫోన్ నా వైపు జరిపింది. "మాట్లాడకపోతే ఏటి మిస్, వీడియోలో కనబడొచ్చు కదా. నానే మాటాడతాను."

"ముఖం కూడా చూపించకూడదట. కటిక వ్రతం."

"మెసేజీ?"

"మెసేజ్ కూడా మాటేగా."

"అయితే ఒక బొమ్మ పెట్టమనండి మిస్. నవ్వుతున్న బొమ్మ."

అప్పన్నకి ఫోన్లంటే పడదని ఏదో అన్నాను. చీమ 'సరే మిస్' అని వెళ్ళిపోయింది. ఈ గండం గట్టెక్కించినందుకు బొడోది నా వీపు తట్టి, ఆర్ట్స్ చదివినవాళ్ళ తెలివే వేరంది. నేను కూడా కాదనలేదు. పైగా మర్నాడు పొద్దున్న చీమ క్లిప్పు నవ్వు ముఖానికే ఉంటే, దాన్ని పిలిచి మరీ చూపించాను. పిల్ల మనసుకి ఏమీ తగలకుండా కాపాడుతున్నామని ఇద్దరం కాస్త గర్వపడ్డామని కూడా ఒప్పుకోవాలి.

మధ్యలో చిన్న చిన్న ఫిర్యాదులు రాకపోలేదు. పిల్ల చేప తినడం లేదు, పక్కపిల్లకి పెట్టేస్తోంది అని మాషీ గొణిగింది. సన్నబడాలని పిచ్చి పట్టి ఉంటుందన్నాను. తలకి నూనె పెట్టబోతే తలనొప్పి అంది, వద్దులే అన్నాను. ఒక పిల్ల పుట్టినరోజుకి సందేశ్ మిఠాయి పంచితే తీసుకుని దాచుకుంది, తర్వాత తింటుందనుకున్నాను. శిక్షణలో ఇచ్చిన అట్ట గోడకుండగా ఇవన్నీ ఎవరు పట్టించుకుంటారు?

పూజ రోజు వచ్చింది. కలకత్తాలో ఆడపిల్లలకి సరస్వతీ పూజ అంటే ఏమిటో తెలుసు కదా. చిన్నదీ పెద్దదీ అందరూ పసుపుపచ్చ చీరలు చుట్టుకుని, పిన్నులు గుచ్చుకుని, కాళ్ళకి అడ్డం పడుతూ, దోసిట్లో పూలతో అమ్మవారి ముందు నిలబడతారు. పరీక్షల ముందు ఆ పూలు వెయ్యకపోతే చదివిందంతా పోతుందని ఎంత మొండి పిల్లకైనా భయం. హాల్లో చూస్తే చీమ లేదు. పైకి వెళ్ళాను. వెలిసిపోయిన పాత గౌను వేసుకుని, నూనె లేక రేగిన జుట్టుతో, మంచం మీద కూర్చుని ఉంది. కొత్త చీర మడత విప్పకుండా దిండు మీద ఉంది.

"ఏటమ్మా, అందరూ కిందుంటే నువ్విక్కడ కూచున్నావేటి? పంతులుగారు మంత్రాలు మొదలెట్టేశారు."

"నాను ఎల్లకూడదు మిస్."

"ఎందుకెళ్ళకూడదు?"

చీమ తల దించుకుంది. వెంటనే తలెత్తి, "కడుపునొప్పి మిస్" అంది.

చేప వద్దంది. నూనె వద్దంది. తీపి ముట్టుకోలేదు, కొత్తబట్ట కట్టలేదు, దేవుడి దగ్గరికి రానంటోంది. మా ఇంట్లో మా నాయనమ్మ పోయినప్పుడు మేమందరం చేసింది ఇదే. చావు మైల. ఇంత చిన్నపిల్ల, ఎవరూ చెప్పకుండా, ఎవరికీ చెప్పకుండా, వాళ్ళమ్మకి మైల పాటిస్తోంది. నేను వెళ్ళి పక్క మంచం మీద కూర్చున్నాను.

"నీకెప్పుడు తెలిసింది చీమా?"

"మీరు మౌనవ్రతం అన్నారు కదా మిస్, అప్పుడే."

"అదేమిటి?"

"మాయమ్మ నోరు మూసుకోడమేటి మిస్? ఆపరేషన్ గదిలో మత్తు ఇచ్చినా కూడా డాక్టరుగారితో తగువాడిందట. అప్పన్న కాదు కదా, అందరు దేవుళ్ళూ వొచ్చి అడిగినా ఊరుకోదు." మళ్ళీ తనే, "ముందే అనుమానమేసింది. మీరందరూ ఒక్కరోజులో మంచోళ్ళయిపోయారు" అంది.

"మరి మాతో ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీరు అంత కష్టపడి దాస్తన్నారు కదా మిస్. తెలిసిపోయిందంటే మీకు బాధేస్తదని." ఇంకా ఏదో చెప్పాలా వద్దా అన్నట్టు గౌను అంచు నలిపింది. "పరీచ్చలు రాసేద్దును గానీ మిస్, పెద్దకర్మ వొచ్చేస్తంది. ఆ రోజు అమ్మకి ఇష్టమైనవి ఆకులో పెడతారు. తమ్ముడు చిన్నోడు, ఆడికేటీ తెల్దు. నాన్న అందరూ ఏది పెట్టమంటే అది పెట్టేస్తాడు. అమ్మమ్మ పాయసం వొండిస్తది. అమ్మకి తీపి పడదు. ఫుచ్కా పెట్టాల మిస్. పులుపు బాగా ఏసి. నాను ఎల్లకపోతే అమ్మ ఏటీ తినకుండా ఎల్లిపోతది."

నేను గబగబా మెట్లు దిగాను. హాల్లో శంఖం ఊదుతున్న బొడోదిని చెయ్యి పట్టుకుని పక్కకి లాగి, బెంగాలీలో సగం తెలుగులో సగం చెప్పేశాను. ఆవిడ శంఖం నా చేతిలో పెట్టేసింది. ఐదు నిమిషాలు ఆలస్యంగా వచ్చిన పిల్లని కూడా గేటు బయట నిలబెట్టే మనిషి, సెలవు అర్జీ అనే మాట కూడా ఎత్తకుండా బాబాయికి ఫోన్ కలపమంది. ఆయన 'పరీచ్చలో?' అంటుంటే, ఆవిడ తన హిందీలో, "భూగోళం ఎక్కడికీ పోదు బాబూ, పిల్ల తిరిగొచ్చాక కూడా ఇక్కడే గుండ్రంగా ఉంటుంది" అంది. రేపు పొద్దున్న హౌరాలో బండి ఎక్కిస్తానంది. తోడు నేను వెళ్ళాలంది. ఆ తర్వాత గొడుగు తీసుకుంది.

ఆవిడ ఎటు వెళుతోందో నాకు గేటు దాకా అర్థం కాలేదు. పండగ రోజు, ఫుచ్కా బండి చుట్టూ పసుపు చీరల గుంపు. ఎర్ర అంచు పట్టుచీరలో, గొడుగుతో వస్తున్న బొడోదిని చూడగానే పిల్లలు చెల్లాచెదురయ్యారు, ఫుచ్కావాడు బండి తిప్పుకుని పరుగందుకున్నాడు. 'ఆగవయ్యా' అంటూ ఆవిడా పరుగందుకుంది. ఆవిడ ఎంత ఆగమంటే వాడు అంత గట్టిగా తోస్తున్నాడు. మలుపు దగ్గర ఆటోవాళ్ళు దారి అడ్డం పెట్టి వాణ్ణి ఆపారు, ఏదో దొంగతనం అనుకుని. వాడు రెండు చేతులూ జోడించి ఇంకెప్పుడూ రానని దండం పెడుతుంటే, ఆవిడ రొప్పుతూ, పూరీలు కావాలంది, నీళ్ళు విడిగా సీసాలో కావాలంది. ఎందుకో కూడా చెప్పింది. వాడు పూరీల్లో విరగనివి ఒక్కొక్కటే ఏరి పెద్ద డబ్బాలో సర్దాడు. అంతా అయ్యాక ఆవిడ, చింతపండు మాత్రం మా హాస్టల్ ఫిల్టర్ నీళ్ళతోనే కలపాలని పట్టుబట్టింది. పోయినవాళ్ళకి కూడా పచ్చకామెర్లు రాకూడదని ఆవిడ పట్టుదల.

మర్నాడు పొద్దున్న బండెక్కాం. చీమ ఒళ్ళో ఫుచ్కా డబ్బా, నా ఒళ్ళో చింతపండు నీళ్ళ సీసా. శిక్షణలో నేర్పిన ఓదార్పు మాటలన్నీ నేను మనసులో వల్లె వేసుకుంటున్నాను. ఖరగ్‌పూర్ దాటాక చీమ కిటికీలోంచి తల తిప్పి, చాలా మామూలుగా అడిగింది.

"మిస్, ఇప్పుడు ఏడవొచ్చా?"

'ఏడవొచ్చమ్మా' అందామని నోరు తెరిచాను. మాట రాలేదు, ఏడుపు వచ్చింది. మామూలు ఏడుపు కాదు. అన్ని రోజులుగా తలుపు వేసుకుని దాచినదంతా ఒక్కసారిగా వచ్చింది. వెక్కిళ్ళు, ముక్కు చీదడాలు, పక్కపెట్టె వాళ్ళు తొంగి చూడడాలు. ఎదురుగా కూర్చున్న బెంగాలీ బామ్మగారు కంగారుపడి, ఎవరు పోయారని అడిగింది. అమ్మ, అంది చీమ. ఆవిడ వచ్చి నా పక్కన కూర్చుని, నా తల తన భుజానికి ఆనించుకుని, తల్లి పోయిన దుఃఖం తీరేది కాదని చెప్పి, నాచేత మంచినీళ్ళు తాగించింది. చీమ వంక తిరిగి, అక్కని జాగ్రత్తగా చూసుకోవాలమ్మా అని కూడా చెప్పింది. చీమ తలూపింది. బాలేశ్వర్ వచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు. పాపం, ఏడవడానికి దానికి తీరిక చిక్కలేదు.

సోంపేట దగ్గర సముద్రం ఒడ్డునున్న ఆ ఊళ్ళో, పెద్దకర్మ రోజున కొబ్బరిచెట్ల మధ్య ఆకు వేశారు. గారెలు, పాయసం, చేపల పులుసు వడ్డించారు. చీమ డబ్బా తెచ్చి విప్పేసరికి వాళ్ళ అమ్మమ్మ అడ్డం పడింది. "ఒలమ్మా, ఇదేటే? పెద్దకర్మకి పానీపూరీయేటే? నలుగురూ నవ్వుతారే." అప్పటిదాకా నోరు విప్పని వాళ్ళ నాన్న తల వంచుకునే అన్నాడు, "పెట్టనీ అత్తా. నీ కూతురికదే ఇష్టం. నాకూ తెల్సు. అడగడానికి సిగ్గేసి ఊరుకున్నాను." చీమ తండ్రి వంక వింతగా చూసింది. తర్వాత బొటనవేలితో పూరీకి చిల్లు పెట్టి, ఇంట్లో ఉడకబెట్టిన బంగాళాదుంప కూరి, చింతపండు నీళ్ళు నింపి, ఆకు మధ్యలో పెట్టింది. అందరం దూరంగా జరిగాం. కాకి వచ్చింది. అటూ ఇటూ చూసి గారెముక్క ముక్కున కరుచుకుని ఎగిరిపోయింది. ముట్టింది, ముట్టింది అని పెద్దవాళ్ళు తేలికపడి ఇళ్ళవైపు కదిలారు.

"అది అమ్మ కాదు" అంది చీమ. "అమ్మయితే ముందు ఇటే వొచ్చును."

అక్కడే నిలబడి చూస్తూ ఉంది. ఇంకో కాకి రాలేదు. ఆకు మీద ఫుచ్కా నాని, మెత్తబడి, ఒక పక్కకి ఒరిగింది. నీళ్ళు మెల్లగా బయటికి వచ్చాయి.

"కారిపోతంది మిస్" అంది. "మాయమ్మ ఒక్క చుక్క కారనిచ్చేది కాదు."

అప్పుడు ఏడ్చింది. ఊళ్ళో అందరూ వెనక్కి తిరిగి చూసేలా, వాళ్ళమ్మ గొంతుతో ఏడ్చింది. అమ్మమ్మ 'ఊరుకోయే' అంటూ రాబోతే వాళ్ళ నాన్న ఆపాడు. నాకు ఓదార్పు మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు, అది ఆ పిల్ల అదృష్టం. ఇసకలో దాని పక్కన కూర్చున్నానంతే. అది ఏడ్చి, ఏడ్చి, ఎండ చెట్ల మీదికి వచ్చేవేళకి ముక్కు తుడుచుకుని నా వంక తిరిగింది.

"మైల తీరిపోయింది కదా మిస్, మిగిలినవి తినీయొచ్చా? ఆకలేస్తంది."

ఇద్దరం అక్కడే కూర్చుని తిన్నాం. సముద్రపు గాలికి పూరీలు అట్టల్లా సాగుతున్నాయి, బొడోది ఫిల్టర్ నీళ్ళలో పులుపు ముదిరి గొంతు పట్టుకుంటోంది. అంత అన్యాయమైన ఫుచ్కా నేను మళ్ళీ ఎప్పుడూ తినలేదు. ఇప్పుడు నెరిసిన జుట్టుతో, అదే హాస్టల్లో బొడోది కుర్చీలో కూర్చుని, అప్పటి ఆ అసిస్టెంట్ వార్డెన్‌ని తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది, ముద్దు కూడా వస్తుంది. పిల్లని ఇంటికి చేర్చానని లోలోపల మురిసిపోతూ, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన ముఖంతో, మోచేతుల దాకా చింతపండు నీళ్ళు కారుతుండగా, 'ఇంకోటి చెయ్యవే' అని ఆరో తరగతి పిల్లని అడుగుతూ కూర్చుంది పిచ్చిది. చీమ చేసి పెడుతూనే ఉంది.